అమ్మ మిషను, జోజప్ప పద్దు: ఒక ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 15, 2025

జెండా పండుగ, మరియమాత మోక్షారోపణ పండుగ రెండూ ఈరోజే. డ్యూటీ లేదు. పొద్దున పూజ చూసుకుని వచ్చి, అన్నం తినేదాకా కూడా ఆగకుండా, వసారా చివరి గదిలో ఉన్న అమ్మ కుట్టుమిషను మీద దుప్పటి ఎత్తాను. అమ్మ పోయి తొమ్మిది నెలలు. ఈ తొమ్మిది నెలల్లో దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టాం, ఉల్లిపాయల బుట్ట పెట్టాం, పిల్లల స్కూలు బ్యాగులు పెట్టాం, దుప్పటి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

అనుకున్న పని ఇది. మిషను మళ్ళీ తిరగాలి. దాని మీదే అమ్మ పాత నూలు చీరలతో మూడు బొంతలు కుట్టాలి. నవంబరు 2న, పోయినవాళ్ళ కోసం ప్రార్థించే సకల ఆత్మల పండుగ నాటికి, అవి ఇవ్వాల్సినవాళ్ళకి ఇచ్చేయాలి. చలికాలం వస్తోందని అమ్మ ఏటా ఆ రోజుకి ఊళ్ళో ముసలివాళ్ళకి రెండో మూడో బొంతలు కుట్టేది. పోయిన ఏడు కుట్టలేదు, ఆస్పత్రిలో ఉంది.

నేను బస్సు మెకానిక్‌ని. ఇరవై ఏళ్ళుగా ఇంజన్లు దించుతున్నా, ఎక్కిస్తున్నా. సూదిలో దారం ఎక్కించమంటే మాత్రం చేతులు వణుకుతాయి. అక్క ఒంగోలు నుంచి ఫోన్లో ఒకటే నవ్వు. "ఒరే తమ్ముడూ, గుండీ ఊడితే కొత్త చొక్కా కొనుక్కునేవాడివి, నువ్వు బొంత కుడతావా?"

చూస్తాం.

మిషను పరిస్థితి: నల్ల రంగు బాగానే ఉంది, బంగారు పూలు అమ్మ కుడిచెయ్యి ఆనే చోట మాత్రం పూర్తిగా చెరిగిపోయాయి. తోలు బెల్టు ఎండి రెండు ముక్కలైంది. చక్రం పట్టుకుని తిప్పబోతే గింజంత కూడా కదల్లేదు. ఇక్కడ మెకానిక్ బుద్ధి కొంచెం పనికొచ్చింది. కదలనిదాన్ని బలం పెట్టి కదిలించొద్దని ఎన్ని బోల్టులు విరగ్గొట్టి నేర్చుకున్నానో నాకే తెలుసు. నూనె రంధ్రాలన్నీ వెతికి ఒక్కోదాంట్లో రెండు చుక్కలు కిరసనాయిలు వేసి వదిలేశాను. ఇలాంటి మిషన్లు బిగుసుకుపోయేది నూనె లేక అనుకుంటాం గానీ, చాలాసార్లు ఉన్న నూనే గడ్డకట్టి జిగురై పట్టేస్తుంది. వంటింటి నూనె వేస్తే ఇంకా తొందరగా. మా ఆవిడ ఒకసారి కొబ్బరినూనె వేసిందట. ఇప్పుడు చెప్పింది.

ఆగస్టు 17

కదల్లేదు. మళ్ళీ కిరసనాయిలు.

ఆగస్టు 24

కదిలింది! ముందు ఒక దారం మందం, తర్వాత పావు చుట్టు, చక్రం వెనక చుట్టుకుపోయిన పాత దారం బ్లేడుతో కోసి లాగేసరికి మొత్తం తిరిగింది. తిరిగినప్పుడు వచ్చే ఆ టకటకకి పక్కింటి పెద్దాయన వసారా దాకా వచ్చి తొంగిచూసి, నన్ను చూసి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత సూది దిగే చోటున్న పలక స్క్రూలు తీసి ఎత్తాను. గుడ్డని వెనక్కి లాగే పళ్ళ సందుల్లో దుమ్ముంటుందనుకున్నా. దుమ్ము కాదు, నూగు. వేలితో లాగితే చాపలాగా ఒకటే ముక్కగా వచ్చింది, బొటనవేలి గోరంత మందం. బ్లేడుతో నిలువుగా కోశాను. లోపలంతా పొరలు. పైన తెలుపు, దాని కింద నీలం, నీలం కింద ఖాకీ, మళ్ళీ తెలుపు, మధ్యలో ఎక్కడో సన్నగా ఎర్ర గీత.

ఖాకీ, నీలం తేలిగ్గానే తెలిశాయి. జూన్ వస్తే ఊళ్ళో సగం మంది పిల్లల నిక్కర్లు, గౌన్లు మా ఇంట్లోనే. ఎరుపు బహుశా మట్టల ఆదివారానికి ఫాదర్ గారు వేసుకునే పూజ వస్త్రం, చినిగితే అమ్మ దగ్గరికే వచ్చేది. తెలుపు రెండు రకాలు. మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకునే ఆడపిల్లల గౌన్లు ఒకటి. రెండోది శవపెట్టె లోపల పరిచే గుడ్డ. ఎవరైనా పోతే, అర్ధరాత్రయినా, వడ్రంగి ఒకవైపు పెట్టె కొడుతుంటే ఇంకోవైపు అమ్మ ఆ గుడ్డకి కుచ్చులు పెట్టి కుట్టేది. చిన్నప్పుడు ఆ శబ్దానికి మెలకువ వచ్చి, ఎవరు పోయారో అడక్కుండానే మళ్ళీ పడుకునేవాళ్ళం. ఈ నూగులో రెండు తెలుపులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, ఏది ఏదో చెప్పలేం.

ఇంకో విషయం రాసిపెట్టుకోవాలి. ఇనప స్టాండు నాలుగు కాళ్ళకీ మూరెడు ఎత్తు దాకా తుప్పు గుల్లగుల్లగా ఉంది, దాని పైన శుభ్రంగా ఉంది. గీత గీసినట్టు నాలుగు కాళ్ళకీ ఒకే ఎత్తు. ఎందుకో అర్థం కాలేదు. ఇసుక కాగితం పట్టి రెడ్ఆక్సైడ్ కొట్టాను.

ఆగస్టు 31

బెల్టు దగ్గర బుద్ధి గడ్డి తిన్నది. కావలి బజారులో కొత్త తోలు బెల్టు కొన్నాను. చుట్టూ వేసి, బిగువుగా ఉంటే పట్టు బాగుంటుందని (బస్సు ఫ్యాను బెల్టు లెక్క) లాగి కోసి, చివరలకి మేకుతో చిల్లులు పొడిచి క్లిప్పు వేశాను. తొక్కితే పలక కాలి కింద కదలనంటుంది. మోకాలు పట్టేసింది. తోలు బెల్టుకి వేలితో నొక్కితే కొంచెం దిగేంత వదులు ఉండాలట. వదులుగా ఉంటే ముక్క తగ్గించుకోవచ్చు, పొట్టిగా కోసినదాన్ని ఏం చేస్తాం? ఇంకో బెల్టు.

సెప్టెంబరు 8

మరియమాత పుట్టినరోజు. ఈరోజు మిషను ముట్టుకోలేదు, పని ఎక్కువ. అది ఇంటికెలా వచ్చిందో మాత్రం రాస్తాను, పిల్లలు అడిగారు.

అమ్మ కుట్టుపని నేర్చుకుంది సిస్టర్ల దగ్గర. పెళ్ళయ్యాక మూడేళ్ళు చేతిసూదితోనే కుట్టింది. మిషను కావాలంటే డబ్బెక్కడిది? ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాడి ఎనుమును అమ్మేసింది. నాయన పొలం నుంచి వచ్చేసరికి కొట్టంలో ఎనుము లేదు, వసారాలో మిషను ఉంది. "రేపటి నుంచి దీన్ని పిండుకుని తాగు" అన్నాడంట. వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు చినిగిన బనీను తెచ్చి, మాట్లాడకుండానే, మిషను మీద పెట్టి వెళ్ళాడంట.

ఈ కథ అక్క చెప్తే ఇంకా పొడుగ్గా చెప్తుంది.

సెప్టెంబరు 14

మొత్తం బిగించాను. కొత్త సూది, కొత్త దారం, కొత్త బెల్టు (రెండోది). తొక్కాను. ఒక్క కుట్టు కూడా పడలేదు. సూది పైకీ కిందికీ ఆడుతోంది, దారం గుడ్డ మీద తేలిపోతోంది. రెండు గంటలు విప్పాను, బిగించాను. చివరికి మిషను తలకాయ ఊడదీసి గోనెసంచిలో చుట్టి బండి మీద పెట్టుకుని కావలిలో మిషన్లు బాగుచేసే సాయిబు దగ్గరికి పోయాను.

ఆయన సంచి పూర్తిగా విప్పకముందే, "ఏందబ్బయా, సూది తిరగేసి పెట్టుండావే" అన్నాడు.

సూది పైభాగం ఒకవైపు చదునుగా ఉంటుంది. ఆ చదును ఎటు ఉండాలో అటే ఉండాలి, లేకపోతే కింద తిరిగే షటిల్ కొక్కేనికి దారం అందదు. అంతే. రెండు గంటల పని రెండు నిమిషాల్లో అయింది, నా పరువు కూడా.

టెన్షన్ సంగతి కూడా ఆయనే చూపించాడు (మిషను టెన్షన్, నాది కాదు). బాబిను కేసులో బాబిను పెట్టి, దారం కొస పట్టుకుని గాల్లో వేలాడదీయాలి. కేసు కదలకుండా ఆగాలి. చెయ్యి చిన్నగా పైకి ఎగరేస్తే రెండంగుళాలు జారి మళ్ళీ ఆగాలి. జర్రున నేలకి దిగితే వదులు, అసలు జారకపోతే బిగువు. కేసు మీద ఉన్న చిన్న స్క్రూని పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పొద్దన్నాడు.

డబ్బులు అడిగితే యాభై అన్నాడు. ఇచ్చాను. లోపల పెట్టుకుంటూ, "మీ అమ్మ ఎప్పుడొచ్చినా రూపాయి బాకీ పెట్టి పొయ్యేది కాదు. చిల్లర లేదంటే బజారంతా తిరిగి మార్చుకొచ్చి ఇచ్చేది" అన్నాడు. నాకు ఇది కొత్త. మా ఇంట్లో అందరి లెక్కా ఏంటంటే అమ్మకి డబ్బు లెక్క తెలీదు, అడిగినవాళ్ళకి అడిగినట్టు ఊరికే కుట్టిస్తుంది అని. నాయన లెక్కా అదే, నా లెక్కా అదే.

సెప్టెంబరు 21

అందుకే ఈరోజు మిషను సొరుగుల జోలికి పోయాను. ఎడమ సొరుగులో విరిగిన సూదులు, సబ్బుముక్కలు (గీతలు గీసుకోవడానికి), గుండీలు. కుడి సొరుగులో పద్దు పుస్తకాలు. పొడుగు పుస్తకాలు, అట్టలు ఊడిపోయి దారంతో కుట్టుకున్నవి, మొత్తం ఎనిమిది.

తేదీ, పేరు, ఏం కుట్టింది, ఎంత. ఒక్క పూట తప్పకుండా. జాకెట్టు, లోపావడా, నిక్కరు, గలీబులు రెండు, పాత చొక్కాకి కాలరు తిప్పడం. డబ్బు ముట్టిన చోట "చెల్లు" అని ఉంది. కొన్నిటి దగ్గర మాత్రం చెల్లు లేదు, బదులు "జో" అని ఉంది.

ఇది నాకు తెలుసు. చిన్నప్పుడే తెలుసు. జో అంటే జోజప్ప. యేసు ప్రభువుని పెంచిన వడ్రంగి, పునీత జోసెఫ్ గారిని మా ఊళ్ళల్లో అలాగే అంటారు. మా నెల్లూరు మేత్రాసనం (ఒక బిషప్ గారి కింద ఉండే గుళ్ళన్నీ కలిపి) 1928లో మద్రాసు నుంచి విడిపోయి ఏర్పడింది. మొదట్లో ఇక్కడ పనిచేసింది మిల్‌హిల్ ఫాదర్లు, వాళ్ళ సంఘానికి పాలక పునీతుడే జోజప్ప. నెల్లూరులో పెద్ద గుడి కూడా ఆయన పేరు మీదే. కాబట్టి జోజప్ప అంటే మాకు ఎవరో దేవలోకంలో ఉన్నాయన కాదు, పక్కవీధిలో ఉండే పెద్దమనిషి లెక్క. డబ్బు ఇవ్వలేనివాళ్ళ పద్దు అమ్మ ఆయన ఖాతాలో వేసేది. మార్చి 19, ఆయన పండుగ రోజు, ఏడాదిలో పేరుకున్న జోలన్నిటి మీదా ఒకే పొడుగు గీత కొట్టి కింద చెల్లు అని రాసేది.

నేను ఒకసారి అడిగాను, "జోజప్ప గారు ఎప్పుడిస్తారమ్మా డబ్బులు?" అని. దారం కొరుకుతూ, "ఆయనా కూలికి పొయ్యే వడ్రంగే గదరా. చేతిలో ఉన్నప్పుడు ఇస్తాడు" అంది.

అప్పుడు నవ్వొచ్చింది. 1998లో నవ్వు రాలేదు. ఆ ఏడు పాలిటెక్నిక్ ఫీజుకి నాలుగు వందలు తక్కువై నాయన ఊళ్ళో అప్పు కోసం తిరిగాడు, నేను కట్టాల్సిన తేదీ దాటిపోయి ఫైన్‌తో కట్టాను. ఈరోజు ఆ నెల పేజీ తీసి లెక్క కూడి చూశాను. జో పద్దు మొత్తం 385 రూపాయలు. ఇరవై ఏడేళ్ళ తర్వాత కూడా కడుపులో ఏదో కదిలింది, దాచిపెట్టి లాభం లేదు. పరాయి పిల్లలకి గౌన్లు ఊరికే కుట్టి, కన్నకొడుకు ఫీజుకి అప్పు.

1992 పుస్తకంలో ఒక చోట వరసగా ఐదు రోజులు ఖాళీ. అమ్మ రాయకుండా ఉండటమా అని తేదీలు చూస్తే గుర్తొచ్చింది. సారా గొడవ. మాకు దగ్గర్లోనే, కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించాక జిల్లా అంతా అంటుకుంది. అమ్మ కూడా మెడలో టేపు అలాగే వేలాడుతుండగా మా ఊరి కొట్టు ముందు కూర్చుంది, నేను అన్నం క్యారియరు తీసుకెళ్ళాను. కొట్టు లోపల తాగుతున్నవాళ్ళలో నాయన ఉన్నాడు. వెనక తలుపు నుంచి పోయాడని తర్వాత ఊరంతా చెప్పుకున్నారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా బందయింది. నాయన పూర్తిగా మానలేదుగానీ తగ్గించాడు. ఆరో రోజు నుంచి మళ్ళీ పద్దులు: నిక్కరు 2, లంగా 1.

సెప్టెంబరు 28

ట్రయల్ కుట్టు. పాత టవలు మీద. వంకరగా ఉంది, ఉంటే ఉంది, కుట్టు పడింది.

అక్టోబరు 5

చీరలు. ఆరు నూలు చీరలు పక్కన పెట్టింది అక్కే, "పట్టువి ముట్టుకున్నావంటే చూడు" అని.

లెక్క: చీర ఐదున్నర మీటర్లు. సగానికి కోస్తే రెండు ముప్పావు. రెండు చీరలు కలిపితే నాలుగు పొరలు, ఒక మనిషికి ఒక బొంత. పొడవు రెండు మీటర్లకి కత్తిరించి, మిగిలిన ముక్కలతో దిండు గలీబులు. నాలుగు పొరలు దాటితే ఈ మిషను ఒప్పుకోదు, దబ్బనంతో చేత్తోనే కుట్టాలి, అది నావల్ల కాదు. 18 నంబరు సూది వేశాను.

పరిచి చూస్తే ప్రతి చీరలోనూ ఒకేచోట గుడ్డ సన్నబడిపోయి ఉంది, వెలుతురుకి పెడితే అవతల వేళ్ళు కనిపిస్తున్నాయి. ముందు చిమ్మెట కొట్టిందేమో అనుకున్నా. కాదు. కుడి మోకాలి పైన. తొక్కేటప్పుడు తొడ లేచి మిషను పలక అడుగుకి రాసుకునే చోటు. నా ప్యాంటుకి కూడా సరిగ్గా అక్కడే రంగు పోవడం మొదలైంది కాబట్టి తెలిసింది. ఇంకోటి, ఎడమ భుజం మీదికి వచ్చే పైట భాగంలో ఆవగింజంత చిల్లులు, గుంపుగా. సూదులు అక్కడ గుచ్చుకునే అలవాటు. మమ్మల్ని ఎత్తుకునేటప్పుడు మాత్రం తీసి పక్కన పెట్టేది, కుడి భుజానికి ఎత్తుకునేది.

పలచబడిన భాగాలు లోపలి పొరల్లోకి వచ్చేలా అమర్చాను. బొంత పైకి కనపడేది గట్టి గుడ్డే.

అక్టోబరు 7

జపమాల మాత పండుగ. దారపు ఉండ గుచ్చే పుల్లకి అమ్మ జపమాల ఇంకా వేలాడుతూనే ఉంది, తీయలేదు. కర్రపూసలది, గుణదలలో కొన్నది. కొన్ని పూసలు నూనె పట్టి నల్లబడ్డాయి, ఎందుకంటే మిషనుకి నూనె వేసిన చేత్తోనే జపం.

చేతులు గుడ్డ మీద ఉంటే పూసలు ఎలా తిప్పేదని మా పాప అడిగింది. తిప్పేది కాదు, తొక్కుకి తగ్గట్టు నోటితోనే. "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అంటూ ఒక వైపు, ఆగి దారం తెంపి "పరిశుద్ధ మరియమ్మా" అంటూ ఇంకో వైపు. పదైతే ఒక పూస జరిపేది. 2002లో రెండవ జాన్ పాల్ పోపు గారు వెలుగు దేవరహస్యాలు (జపమాలలో గురువారం ధ్యానించేవి) కొత్తగా చేర్చినప్పుడు చీటీ మీద రాయించుకుని మిషనుకి అంటించుకుంది, గురువారం వచ్చేసరికి తడబడేది. ఆ చీటీ జిగురు మరక ఇంకా ఉంది. దాన్ని గీకలేదు.

అక్టోబరు 13

మొదటి బొంత అయింది. అయింది అంటే అయింది. కచ్చా కుట్లు వేయకుండా నేరుగా మిషను ఎక్కించాను, పైపొర ముందుకి జరిగి కిందిపొర వెనకపడి చివరికొచ్చేసరికి జానెడు తేడా. విప్పి, పొరలన్నీ పెద్ద పెద్ద కచ్చా కుట్లతో కలిపి, మళ్ళీ కుట్టాను. ఈసారి నాలుగు వేళ్ళ తేడా. దాన్ని అంచులో మడిచి దాచేశాను.

కుడుతూ ఒక లెక్క వేశాను. నా లెక్కే, తొక్కి చూసి వేసింది. ఒక్క తొక్కుకి నాలుగు కుట్లు పడుతున్నాయి. బొంతకి కుట్టు పెద్దది పెట్టినా మీటరుకి 60 తొక్కుళ్ళు. రెండంగుళాలకి ఒక వరస చొప్పున, అంచులతో కలిపి, ఒక బొంతకి 48 మీటర్ల కుట్టు. అంటే దాదాపు 2,900 తొక్కుళ్ళు. ఆదివారమంతా పట్టింది, సోమవారం డిపోలో కుంటుతూ తిరిగాను. అమ్మ ఇది పగలంతా ఊరి బట్టలు కుట్టాక, రాత్రి కుట్టేది.

అక్టోబరు 19

రెండోది అయింది. వంకర తగ్గింది, నడుం నొప్పి పెరిగింది.

అక్టోబరు 29

నిన్నంతా మొంథా తుపాను. తీరం దాటింది అక్కడెక్కడో నరసాపురం వైపైనా వాన మాత్రం మమ్మల్నీ వదల్లేదు. రాత్రి కరెంటు పోయింది. వసారాలోకి నీళ్ళు రావడం మొదలైతే నేనూ మా ఆవిడా మిషను కింద ఇటుకలు పెట్టి ఎత్తాం. అలా వంగి ఇటుక తోస్తున్నప్పుడు టార్చి వెలుతురులో ఆ తుప్పు గీత మళ్ళీ కనపడింది, రెడ్ఆక్సైడ్ కింద గరుకుగా. అప్పుడు తట్టింది. నీళ్ళ గీత. 1989.

ఆ నవంబరు తుపానుకి గే అని పేరు. ఎక్కడో థాయ్‌లాండు సింధుశాఖలో పుట్టి, అక్కడి నేల దాటి, బంగాళాఖాతమంతా ఈదుకొచ్చి సరిగ్గా మా కావలి దగ్గరే తీరం ఎక్కింది. నాకు ఏడేళ్ళు. మా ఇంటి మీద తాటాకు. ఊళ్ళో గట్టి కప్పు ఉన్నది గుడికే, అందరం అక్కడికే పరిగెత్తాం. నాయన నన్ను ఎత్తుకున్నాడు, అక్క నాయన పంచె కొస పట్టుకుంది. అమ్మ మిషను తలకాయ ఊడదీసి, చీరలో మూటగట్టి నెత్తిన పెట్టుకుని ఆ గాలిలో నడిచింది. బరువు నేను మొన్న మోశాను కాబట్టి చెప్తున్నా, గాలి లేని రోజున బండి మీద పెట్టడానికే ఆయాసం వచ్చింది. స్టాండు మాత్రం ఇంట్లోనే నీళ్ళల్లో ఉండిపోయింది. తెల్లారి వచ్చి చూస్తే కప్పు లేదు, గోడలు సగం ఉన్నాయి, మధ్యలో స్టాండు నిలబడి ఉంది.

పద్దు పుస్తకాలు తడవకుండా మంచం మీదికి చేర్చాను. కొవ్వొత్తి పెట్టుకుని ఊరికే కూర్చోలేక 1989ది తీసి, ఏ పక్క ఏదో చీకట్లో తెలీక తలకిందులుగా పట్టుకున్నా. వెనక అట్ట వైపు నుంచి కూడా రాసి ఉంది. ఇన్ని రోజులూ ముందు నుంచే చూశాను.

పైన శీర్షిక: "జోజప్ప ఇచ్చినవి."

కింద వరసగా, తేదీలతో. గుడ్లు 6. ఎండు మెత్తళ్ళు సేరు. ఉలవపాడు మామిడికాయలు 10. మొలగొలుకుల బియ్యం రెండు సేర్లు. కలుపు తీసింది ఒక పూట. నాయనకి జ్వరమొస్తే రాత్రి తోడుంది. ఫిబ్రవరిలో గుణదల పండక్కి రైలు చార్జీ ఒకరిది. పేర్లు లేవు, ఎవరిచ్చినా జోజప్పే. నవంబరు నెలలో, తుపాను తర్వాత: "ఇంటికి తాటాకు. మనుషులు 4, మూడు రోజులు. కూలి తీసుకోలేదు."

మిగతా ఏడు పుస్తకాలూ తిరగేసి పట్టుకుని చూశాను. అన్నిట్లోనూ ఉంది. 1998లో నా ఫీజు నెల పేజీ కూడా తీశాను. "నెల్లూరులో పిల్లాడికి గది చూసిపెట్టారు. మొదటి నెల అద్దె అడగలేదు."

నేను ఆ గదిలో మూడేళ్ళున్నా. ఇంటాయన మంచివాడు అనుకున్నాను, అంతే. ఆయన కూతురి సత్ప్రసాదం గౌను ఎవరు కుట్టారో ఇప్పుడు ముందు పేజీల్లోకి వెళ్ళి చూస్తే, ఉంది. జో.

అమ్మకి డబ్బు లెక్క తెలీదని ఇంట్లో అందరం అనుకున్నాం చూడండి, దాని సంగతి అది. రెండు వైపుల పద్దు రాసింది. మేం ఒక వైపే చదివాం, నాయన అదీ చదవలేదు. ఇంకోటి కూడా గమనించాను, శవపెట్టె గుడ్డలు మాత్రం ఏ వైపూ లేవు. ముందూ రాయలేదు, వెనకా రాయలేదు.

అక్కకి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు.

అక్టోబరు 31

మూడో బొంత. రెండు రోజులు సెలవు పెట్టి పూర్తి చేశాను. చెమ్మకి బెల్టు సాగి జారింది, క్లిప్పు తీసి అరంగుళం కోసి మళ్ళీ వేశాను. ఈసారి వదులు సరిగ్గా వచ్చింది.

నవంబరు 2

పొద్దున పూజ, సాయంత్రం సమాధుల దగ్గర దీపాలు. వానకి సమాధుల మధ్య బురద, చెప్పులు చేతిలో పట్టుకుని నడిచాం. ఫాదర్ గారు పేర్లు చదువుతుంటే అమ్మ పేరు దగ్గర అక్క నా చెయ్యి నొక్కింది. కొవ్వొత్తి గాలికి ఆరిపోతుంటే పాప చేతులు అడ్డం పెట్టి కూర్చుంది.

అక్కడి నుంచే బొంతలు ఇవ్వడానికి పోయాం. మొదటి రెండిళ్ళల్లో తీసుకుని కళ్ళకద్దుకున్నారు, నాకు ఇబ్బందిగా అనిపించి గబగబా వచ్చేశాను. మూడోది చివరి వీధి పెద్దమ్మకి. అమ్మ కన్నా పెద్దది, చూపు మాత్రం సూదిలాగా ఉంది. చూసుకుని ఇవ్వలేదు నేను, ఆవిడకి పోయింది మొదట కుట్టిన బొంత. దీపం దగ్గరికి తీసుకుని అంచు తడిమింది. నేను నాలుగు వేళ్ళ తేడా మడిచి దాచిన చోటే, సరిగ్గా అక్కడే, వేలు ఆగింది.

"ఏందిరా ఇది? ఈడ గడ్డకట్టినట్టుండాది. కుట్టు చూడబోతే పాము పోయిన దారి."

"నేనే కుట్టాను పెద్దమ్మా. కొత్త గదా."

"కొత్తయితే? మీ అమ్మ ఇట్టాంటిది గడప దాటనిచ్చేదా? పట్టకపో. నాలుగు అంచులూ ఇప్పి కుట్టుకురా."

అక్క గోడ వైపు తిరిగి నవ్వుతోంది. నేను బొంత మడిచి చంకలో పెట్టుకుని మెట్టు దిగుతుంటే మళ్ళీ పిలిచింది. లోపలికి పోయి, కాగితం పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. రొయ్యపొట్టు. వద్దు పెద్దమ్మా అన్నా.

"ఊరికే తీసుకుంటాననుకుంటివా? ఈ పొద్దు కాదు, మీ అమ్మ ఉన్నప్పుడూ ఎప్పుడూ ఊరికే తీసుకోలా."

నవంబరు 4

రాత్రి తొమ్మిదికి కూర్చున్నాను. నా కుట్టు పైకి వంకరగా ఉన్నా గట్టిగానే పడింది, బ్లేడు పెట్టి ఒక్కో కుట్టూ తెంపి లాగాల్సి వస్తోంది. మూడు కుట్లకి ఒకటి తెంపి అడుగు దారం లాగితే వరసంతా వస్తుందని అక్క ఫోన్లో చెప్పింది. నిజమే, వస్తోంది. ఒక అంచు విప్పేసరికి పదకొండయింది. ఇంకా మూడు.

రొయ్యపొట్టు పొట్లం మిషను మీదే ఉంది, పిల్లి చుట్టూ తిరుగుతోంది. 2024 పుస్తకంలో వెనక వైపు ఇంకా కాగితాలు ఖాళీ ఉన్నాయి. ఇప్పుడే రాయను, సరుకు ఇవ్వందే పద్దు రాయకూడదు.